మధుకామిని హెడ్జ్ కింద బోసిపోతే ఎప్పుడు, ఎంత కట్ చేయాలి

మీరడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. కొంపల్లిలో ఇల్లు, ముందు వైపు గోడ లేదు, ఇనప గ్రిల్లు ఉంది, దాని లోపలి పక్కన 40 అడుగుల పొడవునా హెడ్జ్‌గా, అంటే మొక్కల కంచెలా, మధుకామిని (రాత్రిపూట సువాసన వచ్చే తెల్ల పూల మొక్క) వరస పెట్టి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు 8 అడుగులు లేచిపోయింది, పైన గొడుగులా పచ్చగానే ఉంది కానీ కింద రెండడుగులు ఒట్టి పుల్లలు, అందులోంచి వీధికుక్కలు దూరి వచ్చేస్తున్నాయి, రెండేళ్ళ నుంచి పూలు కూడా అంతంతమాత్రం. మాలి నెలకోసారి వచ్చి కత్తిరిస్తూనే ఉన్నాడు, అయినా ఇలా ఎందుకైంది, ఇప్పుడు మార్చి నెల కదా, మొత్తం సగానికి కొట్టించేయొచ్చా అని.

కొట్టించొద్దండి. జూన్ దాకా ఆగండి. ఇప్పుడు కత్తెర పట్టుకుంటే మీ హెడ్జ్ చావదేమో గానీ ఈ ఎండాకాలం మొత్తం మీరు దాన్ని చూసి ఏడవాలి. ఎందుకో కింద చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను పుట్టింది కడియం పక్కన, మా ఇంట్లో అందరిదీ నర్సరీ పనే, చిన్నప్పుడు బడికెళ్ళే ముందు సంచుల్లో మట్టి నింపి వెళ్ళేవాళ్ళం. తర్వాత హైదరాబాద్ వచ్చి 22 ఏళ్ళుగా ఇళ్ళకి, అపార్ట్‌మెంట్లకి గార్డెన్ పని చేయిస్తున్నాను. ఈ మధుకామిని సమస్య ఏడాదికి పది మందైనా అడుగుతారు, అందరూ చెప్పేది ఒకటే మాట, "మాలి కట్ చేస్తూనే ఉన్నాడండీ" అని. అదేనండి అసలు జబ్బు. కట్ చేయకపోవడం వల్ల కింద బోసిపోలేదు, నెల నెలా పైపైనే కట్ చేయడం వల్ల బోసిపోయింది.

ఎలాగంటే, కొమ్మ చివర ఉండే కొన మొగ్గ తనున్నంతకాలం కింద పక్క మొగ్గల్ని లేవనివ్వదు, దాన్ని కోసేస్తే ఆ కోసిన చోటికి కాస్త కిందున్న రెండు మూడు మొగ్గలు లేస్తాయి. మాలి ప్రతిసారీ అదే ఎత్తులో, అదే వరస మీద పెద్ద కత్తెరతో జుట్టు కత్తిరించినట్టు కొట్టుకుంటూ పోతాడు కదా, ప్రతిసారీ అక్కడే మూడు చిగుర్లు, వాటి మీద మళ్ళీ మూడు, అలా పైన కొన్ని అంగుళాల మందాన ఒక చాపలాగా తయారవుతుంది. మీరు ఇప్పుడు వెళ్ళి ఆ చాపని చేత్తో విడదీసి లోపలికి చూడండి, ఒక్క ఆకు ఉండదు, ఎండుపుల్లలు, సాలెగూళ్ళు, పాత చిప్స్ కవర్లు ఉంటాయి. ఎండ లోపలికి దిగదు, ఎండ లేని కొమ్మ ఆకు రాల్చేస్తుంది, ఆకు లేని కొమ్మ కొన్నాళ్ళకి ఎండిపోతుంది. దానికి తోడు పైన వెడల్పు, కింద సన్నం. నిటారుగా కట్ చేస్తున్నాం అనుకుంటారు గానీ మనిషి చెయ్యి నడుం ఎత్తులో బాగా ఆడుతుంది, పైకి అందదు, కిందకి వంగబుద్ధి కాదు, అందుకని ఏళ్ళు గడిచేసరికి అన్ని హెడ్జులూ పైన బొద్దుగా అయిపోతాయి. పైభాగం నీడ కిందభాగం మీద పడుతుంది. మొక్కకి రోగం ఏమీ లేదు, దాని మీద అదే గొడుగు పట్టుకుంది, అంతే.

ఇప్పుడు మార్చిలో ఎందుకు వద్దంటున్నానంటే ఒకటి చెప్తా. ఒకసారి ఒక గేటెడ్ కాలనీలో గృహప్రవేశం ఉందని, ముహూర్తం ఏప్రిల్ ఆఖరులో, ఇల్లు రోడ్డు మీదకి కనపడాలి అని ఓనరుగారు పట్టుబడితే ఏడడుగుల కామినిని మూడడుగులకి దింపించాను. నాకు తెలుసు తప్పని, అయినా మొహమాటానికి పోయాను. ఫంక్షన్ రోజు బానే ఉంది. పది రోజుల్లో, ఎన్నో ఏళ్ళుగా ఎండ మొహం చూడని లోపలి కొమ్మల బెరడు పడమటి ఎండకి మాడి చిట్లిపోయింది, మిగిలిన ఆకులు కూడా కాల్చిన అప్పడంలా అయిపోయాయి. రోహిణి కార్తె ఎండకి రోళ్ళు పగులుతాయంటారు, లేత బెరడు ఒక లెక్కా. మళ్ళీ ఆకు కమ్ముకునేసరికి సెప్టెంబర్ వచ్చింది, వరసలో నాలుగు మొక్కలు అసలు లేవనే లేదు, అవి నా డబ్బుతో మార్చి పెట్టాల్సొచ్చింది. ఆకే మొక్కకి వంట చేసిపెట్టేది, గొడుగు పట్టేది కూడా, ఎండాకాలం ముందు దాన్ని సగం తీసేస్తే తిండీ పోయే, నీడా పోయే.

అందుకని పెద్ద కోత ఎప్పుడైనా తొలకరి పడ్డాకే. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది కదా, రెండు మంచి వానలు పడి నేల లోపల జానెడు తడిసిందంటే ఇక ఆగక్కర్లేదు, ఆరుద్ర కార్తె అయ్యేలోపు అంటే జులై మొదటి వారం లోపు కోత పూర్తయిపోవాలి. ఆ తర్వాత మూడు నెలలు మబ్బులు, తేమ, వెచ్చదనం, మొక్క ఎంత కోసినా లేస్తుంది. ఇది హైదరాబాద్, వరంగల్, విజయవాడ, రాజమండ్రి వైపు లెక్క. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, వాళ్ళు జూన్‌లో నన్ను నమ్మి కొట్టారంటే ఎండలో మాడ్చినట్టే, అక్కడ సెప్టెంబర్ ఆఖరు బెటరు. బోరు నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి, రోజూ పెడతాం, ఇప్పుడే చేస్తాం అనేవాళ్ళు కూడా ఉంటారు, నీళ్ళు వేరుకి పెట్టగలరు గానీ ఎండని ఆపలేరుగా.

చిన్న ట్రిమ్మింగులు వేరే సంగతి. అంటే చిగురు చివర్లు రెండు మూడంగుళాలు తీయడం. అది దసరా అయ్యాక ఒకసారి, మళ్ళీ సంక్రాంతికీ శివరాత్రికీ మధ్యలో ఒకసారి చాలు, వానాకాలంలో మరీ జడలు విరబోసుకున్నట్టు ఉంటే ఐదారు వారాలకోసారి. మార్చి 15 దాటాక కత్తెర లోపల పెట్టేయాలి, ఎండిన పుల్లలు తీసుకోవడానికి తప్ప.

సరే జూన్‌లో ఏం చేయాలో చెప్తాను. పని మొదలుపెట్టే ముందు పొడుగు కర్రతో వరస మొత్తం తట్టుకుంటూ వెళ్ళండి, నిజంగా చెప్తున్నా, తొమ్మిదేళ్ళు ముట్టని కింద భాగంలో పాములు ఉంటాయి, కందిరీగల పట్లు ఉంటాయి, చెప్పులతో కాకుండా బూట్లు వేసుకోండి. ఇంకోటి, పిగిలిపిట్టలకి ఈ హెడ్జులంటే ప్రాణం, గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఆ మొక్కకి రెండడుగులు అటూ ఇటూ వదిలేసి మిగతాది చేసుకోండి. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా నెల రోజులు కూడా పట్టదు, ఆ ముక్క తర్వాత చేసుకోవచ్చు. మా కుర్రాడొకడు ఒకసారి చూడకుండా మోటర్ ట్రిమ్మర్ పెట్టేశాడు, ఆ తల్లిపిట్ట రెండు రోజులు గ్రిల్లు మీద కూర్చుని అరిచింది, అప్పట్నుంచి నేను ముందు చూసి గానీ పని మొదలెట్టనివ్వను.

పనిముట్ల దగ్గరకొస్తే, పెద్ద కోతకి హెడ్జ్ కత్తెర కాదు కావాల్సింది. బొటనవేలు కన్నా సన్న కొమ్మలకి సికేచర్ (ఒంటిచేత్తో పట్టే కొమ్మల కత్తెర), అంతకన్నా లావు వాటికి చిన్న రంపం. సికేచర్‌లో రెండు రకాలుంటాయి, కత్తి పక్కనుంచి జారేది ఒకటి, చెక్కపీట మీద కత్తిలా నొక్కేది ఒకటి, మొదటిదే తీసుకోండి, రెండోది పచ్చి కొమ్మని నలిపేస్తుంది. సాన పట్టించుకోండి. మొక్కకీ మొక్కకీ మధ్య స్పిరిట్ గుడ్డతో తుడవమని పుస్తకాల్లో ఉంటుంది, అంత ఎవరూ చేయరు, కనీసం ఎండు తెగులు ఉన్న మొక్క కోశాక తుడిచి రెండోదాని దగ్గరకి వెళ్ళండి. మోటర్ ట్రిమ్మర్ పెద్ద కోతకి పనికిరాదు, అది చిగురు కొట్టడానికి బానే ఉంటుంది.

కోత ఎంత అనేదే అసలు మాట. మీకు చివరికి ఎంత ఎత్తు కావాలి? 5 అడుగులు అనుకుందాం, అలాంటప్పుడు 5 దగ్గర కోయకూడదు, 4 దగ్గర కోయాలి. కోసిన మొద్దుల మీద కొత్త కొమ్మలు వచ్చి అడుగు మందం కప్పుకుంటే అప్పుడు 5 అవుతుంది, 5 దగ్గరే కోస్తే ఆ మొద్దులన్నీ జీవితాంతం పైన కనపడుతూ ఉంటాయి, లేదా ఏటా అడుగు పెరుగుతూ పోతుంది. 8 నుంచి 4 అంటే సగానికి సగం, భయమేస్తుంది, కానీ మధుకామిని ముదురు కొమ్మ మీద నుంచి కూడా చిగురేస్తుంది, అది దాని గొప్పదనం, మన కరివేపాకు చుట్టమే కదా, కరివేపాకుని మొదలంటా నరికినా ఎలా లేస్తుందో చూస్తూనే ఉంటాం.

కానీ ఎత్తూ, రెండు పక్కలూ ఒకే ఏడాది కోయొద్దు. ఈ జూన్‌లో ఎత్తు దింపండి, గ్రిల్లు వైపు ఒక్క పక్క మాత్రం లోపలికి, మొదలు కాండానికి ఆరంగుళాల దూరం దాకా కోసేయండి, ఇంటి వైపు పక్కని చిగుర్లు మాత్రం తీసి వదిలేయండి. ఆ ఒక్క పక్క ఆకు ఉంటే చాలు, మొక్క వేర్లని పోషించుకుంటుంది. వచ్చే ఏడాది జూన్‌లో ఇంటి వైపు. అంటే మొత్తం రెండేళ్ళ పని. మాలి ఒక్కరోజులో చేసేస్తానంటాడు, అతనికి ఒక్క కూలీతో పోతుంది కదా, ఒప్పుకోకండి. ముందు గ్రిల్లు వైపే ఎందుకన్నానంటే కుక్కలు దూరేది అటునుంచే, అటు ముందు చిక్కబడాలి, పైగా ఆ వికారం మీకు ఇంట్లోంచి కనపడదు.

ఇక కింద బోసి. దీనికి చాలామంది చేయనిది ఒకటుంది. ప్రతి మొక్కకీ మొదట్లోంచి నాలుగైదు కాండాలు లేచి ఉంటాయి, అందులో అన్నిటికన్నా ముసలిది, లావుది ఒకటి చూసుకుని నేల నుంచి ఒక అడుగు ఎత్తులో రంపంతో కోసేయండి. ఒకటే. మరుసటేడు ఇంకోటి. ఆ అడుగు మొద్దు మీద నుంచి కొత్త చిగుర్లు గుంపుగా లేస్తాయి, కింద రెండడుగులు నింపేది అవే, పైనుంచి దిగి వచ్చే కొమ్మ ఏదీ ఉండదు. తర్వాత పైన చాపలాగా ఉన్నచోట అక్కడక్కడ చెయ్యి లోపలికి పెట్టి, చీలిక దగ్గర దాకా వెళ్ళి, ఒక్కో కొమ్మని పూర్తిగా తీసేస్తూ పోండి, మధ్యాహ్నం పూట లోపల నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతున్నాయా అని చూడండి, పడుతుంటే సరిపోయినట్టే. ఏదైనా కొమ్మ బతికుందో లేదో తెలియకపోతే గోటితో బెరడు గీకండి, కింద పచ్చగా ఉంటే వదిలేయండి, గోధుమరంగు పొడిలా ఉంటే పచ్చదనం కనపడేదాకా వెనక్కి కోసుకుంటూ రండి.

షేపు గురించి. కింద వెడల్పు, పైన సన్నం, ఇసక కుప్పకి పైన కొస కోసేసినట్టు. 5 అడుగుల హెడ్జ్‌కి కింద రెండున్నర అడుగులు ఉంటే పైన ఒకటిన్నర, అంటే ఒక్కో పక్కా ఆరంగుళాలు లోపలికి వాలాలి. కంటితో రాదు, కంటితో చేసేవాళ్ళని 22 ఏళ్ళలో ఇద్దర్నే చూశాను. రెండు చివర్ల కర్రలు పాతి మేస్త్రి దారం కట్టండి, నేల వాలుగా ఉంటే నీళ్ళ గొట్టంతో లెవెల్ చూసి కట్టండి, పై దారం కింద దారం కన్నా ఆరంగుళాలు లోపలికి ఉండేలా రెండు దారాలు. మొదటిసారి గంట పడుతుంది, తర్వాత ఆ గుర్తులు గ్రిల్లు మీద పెయింట్‌తో పెట్టేసుకుంటే ఏటా పని తేలిక.

కోత మబ్బు పట్టిన రోజు గానీ సాయంత్రం గానీ పెట్టుకోండి. రెండు రోజుల ముందు వాన లేకపోతే నీళ్ళు బాగా పెట్టండి. కోసినవి తగలబెట్టొద్దు, ఆకుతో ఉన్న కొమ్మలు పూల కొట్టువాళ్ళు బొకేల్లో వెనక పచ్చదనానికి వాడతారు, మా దగ్గర దగ్గర్లోని కొట్టుకి చెప్తే ఆటో వేసుకొచ్చి మరీ పట్టుకెళ్తారు, కొన్నిసార్లు కూలి డబ్బులు వచ్చేస్తాయి. మిగతావి ముక్కలు చేసి మొదళ్ళలోనే పరవండి.

బొటనవేలు కన్నా లావు గాయాలకి మాత్రం బోర్డో పేస్ట్ రాయండి, వాన నీళ్ళు మొద్దులో దిగి కుళ్ళకుండా. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరు నీళ్ళలో విడిగా కరిగించి రెండూ కలిపి పోయాలి, ప్లాస్టిక్ బకెట్లోనే, ఇనప దాంట్లో వద్దు. కలిపాక ఒక ఇనప చాకు ముంచి చూడండి, దాని మీద ఎర్రగా రాగి పూత కనపడితే ఇంకొంచెం సున్నం వేయాలి. ఏరోజుకారోజు వాడేయాలి, మిగిల్చి దాచకూడదు. సన్న కొమ్మలకి ఏమీ అక్కర్లేదు, కొంతమంది ప్రతి కోతకీ పసుపు రాస్తారు, రాసుకోండి, నష్టం లేదు.

ఎరువు విషయంలో యూరియా జోలికి పోకండి. కోసిన వెంటనే యూరియా వేస్తే బలహీనమైన మెత్తటి చిగుర్లు బారెడు లేస్తాయి, పేనుబంక, పిండినల్లి అన్నీ వచ్చి కూర్చుంటాయి. మొక్కకి రెండు కేజీలు చివికిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి, మొదలుకి జానెడు దూరంగా వేసి మట్టి కప్పేయండి చాలు. కొత్త చిగురు ఆకు పసుపురంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయంటే ఇనుము తక్కువైనట్టు, మీ వైపు బోరు నీళ్ళకి ఇది మామూలే, నిమ్మజాతి మొక్క కదా దీనికీ నిమ్మకి వచ్చే బాధలన్నీ వస్తాయి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము లీటరు నీళ్ళకి కలిపి వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. చిగురు మీద పిట్ట రెట్టలాగా ఉండే పురుగులు కనపడితే అవి సీతాకోకచిలుక పిల్లలు, నాలుగైదు ఉంటే వదిలేయండి పాపం, బోలెడు ఆకు ఉంది, మరీ ఎక్కువైతే చేత్తో ఏరి ఇంకో చోట వదలండి. ఇంట్లో నిమ్మ, బత్తాయి చెట్లున్నవాళ్ళు మాత్రం ఈ లేత చిగుర్ల మీద ఒక కన్నేసి ఉంచాలి, వాటికి గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగు దీని మీద కూడా బతుకుతుంది, చిగురు వచ్చినప్పుడల్లా వేపనూనె 5 మిల్లీలీటర్లు లీటరు నీటికి, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు వేసి కొట్టండి.

ఇలా చేశాక మొదటి నెల చూడటానికి దరిద్రంగా ఉంటుంది, ముందే చెప్తున్నా. మీ ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, వాకింగ్ చేసే పెద్దాయన, అందరూ మొక్కలు చంపేశావు అంటారు. మూడో వారానికి మొద్దుల మీద చిన్న చిన్న మొటిమల్లా లేస్తాయి, అవి మొగ్గలు. కొత్త కొమ్మలు ఆరేడు అంగుళాలు అవ్వగానే అందులో సగం తుంచేయండి, మళ్ళీ ఆరంగుళాలు, మళ్ళీ సగం, దసరాకి ఇలా రెండుసార్లు అవుతుంది. మనసు ఒప్పదు తెలుసు, ఇంత కష్టపడి లేచిన చిగురు మళ్ళీ తుంచాలా అని, కానీ చిక్కదనం వచ్చేది ఇక్కడే, వదిలేస్తే వెదురుబొంగుల్లా నాలుగు కొమ్మలు పైకి పోయి మూడేళ్ళలో మళ్ళీ ఇదే కథ.

పూలు ఎందుకు రావట్లేదు అన్నారు. మధుకామిని పువ్వు కొత్త కొమ్మ చివర్లలో వస్తుంది, మీ మాలి నెలకోసారి ఆ చివర్లన్నీ కోసి బుట్టలో వేసుకుపోతున్నాడు, ఇంకేం పూస్తుంది. గోడలా నున్నగా ఉండే హెడ్జ్, రాత్రిపూట వీధి మొత్తం వాసన కొట్టే హెడ్జ్, రెండూ ఒక్కటి కాదండి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేనైతే మధ్యేమార్గం చేస్తాను, గ్రిల్లు వైపు నున్నగా ఉంచి, ఇంటి వైపు పైభాగం వానాకాలంలో కత్తెర తగలకుండా వదిలేస్తాను, నాలుగు రోజులు ఎండగొట్టి గట్టి వాన పడిందంటే కొన్నాళ్ళకి తెల్లగా విరగబూస్తుంది, పూత రాలాక అప్పుడు ఆ చివర్లు తీస్తాను. మీకు ఈ ఏడాది కోతతో పూలు పెద్దగా ఉండవు, వచ్చే ఏడాది ఇంటి వైపు వంతు కాబట్టి గ్రిల్లు వైపు పూస్తాయి, మూడో ఏడాదికి రెండు పక్కలా.

వరసలో ఖాళీలు ఉంటే కొత్త మొక్క పెట్టడం కన్నా నేల అంటు తొక్కడం మంచిది, పాత మొక్కల వేర్లు కొత్తదాన్ని బతకనివ్వవు. పక్క మొక్క కింద కొమ్మ ఒకటి వంచి, కింద వైపు కొంచెం బెరడు గీకి, రెండంగుళాల లోతు మట్టిలో పెట్టి పైన రాయి పెట్టేయండి, వానాకాలం మొదట్లో చేస్తే చలికాలానికి వేర్లు పట్టుకుంటాయి, అప్పుడు కూడా తల్లి నుంచి కోయక్కర్లేదు, అలాగే ఉండనీయండి.

ఇది చదివి వేరే మొక్కలున్నవాళ్ళు కూడా అడుగుతారని తెలుసు, గబగబా చెప్పేస్తాను. గోల్డెన్ దురంతకి ఇవే రోజులు, ఇదే పద్ధతి, ఇంకా మొండిది, కాకపోతే దాని పసుపు కాయలు విషం, పిల్లలు ఆడుకునే చోట కాయకముందే కోసేయండి, దాని మీద పసుపు దారాల్లా బంగారు తీగ అల్లుకుంటే విడదీయాలని చూడకండి, ఆ కొమ్మలతో సహా కోసి సంచిలో కట్టి పారేయాలి, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ అల్లుతుంది. మందారం, నూరువరహాలు లాంటి పెద్దాకు, పూల మొక్కలని హెడ్జ్ కత్తెరతో కొట్టొద్దు, ఆకులు సగం సగం తెగి అంచులు మాడి అసహ్యంగా ఉంటాయి, సికేచర్‌తో కొమ్మ కొమ్మా. గన్నేరు కోసినవాళ్ళు చేతులకి గ్లవ్స్ వేసుకోండి, ఆ కొమ్మలు మేకలకి వేయొద్దు, తగలబెట్టొద్దు, పొగ కూడా విషమే. కోనోకార్పస్ ఉన్నవాళ్ళు దాన్ని ఎలా కత్తిరించాలని అడక్కండి, ఎలా తీసేయాలని అడగండి, గుజరాత్‌లో 2023లోనే దాన్ని నాటడం ఆపేశారు, దాని వేర్లు పైపుల్లోకి పోయాక చూసుకోవడం కన్నా ముందే బెటరు.

అన్నిటికన్నా జాగ్రత్త తుజా. నెమలి పింఛంలా ఉంటుందే, చాలామంది గేటు పక్కన వరసగా పెడతారు. నేను పైన చెప్పిన మొద్దు కోత దానికి చేశారంటే అయిపోయినట్టే, పచ్చ రెమ్మ ఉన్నంతవరకే దానికి ప్రాణం, లోపలి ఎండు భాగంలోకి కోస్తే అక్కడ మళ్ళీ చిగురు రాదు, ఆ బొక్క ఎప్పటికీ అలాగే ఉంటుంది. దానికి చిన్నప్పటి నుంచే ఏడాదికి రెండుసార్లు పైపైన దువ్వినట్టు కోసుకుంటూ రావాలి తప్ప వేరే దారి లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న మా మేనల్లుడు ఇదే తప్పు లేలాండీ హెడ్జ్ మీద చేశాడు, యూట్యూబ్‌లో నా లాంటి ఎవరో సగానికి కోయమన్నారని కోసేశాడు, అదీ తుజా చుట్టమే, మూడేళ్ళయినా గోధుమరంగు గోడలా అలాగే ఉంది. అక్కడున్నవాళ్ళకి ఇంకోటి కూడా, మార్చి నుంచి ఆగస్టు దాకా పిట్టలు గూడు కట్టే కాలం, హెడ్జ్‌లో పిట్టలుంటున్న గూడుని తెలిసి పాడుచేస్తే 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం అక్కడ నేరం, మన జూన్ లెక్క అక్కడ పనికిరాదు.

ఇక మీ కుక్కల సంగతి. జూన్ దాకా, ఆ తర్వాత కింద చిక్కబడేదాకా, అంటే ఇంకో ఏడాదిన్నర ఆ రెండడుగులు ఖాళీగానే ఉంటాయి కాబట్టి గ్రిల్లుకి కింద నుంచి రెండున్నర అడుగుల ఎత్తు కోళ్ళ జాలీ తీగతో కట్టేయండి, పచ్చరంగుది దొరుకుతుంది, చిగుర్లు దాని కన్నాల్లోంచి వచ్చి కమ్మేస్తాయి, తర్వాత తీయక్కర్లేదు కూడా. ఈ మూడు నెలలు మాలికి వేరే పనేమీ చెప్పొద్దు, లోపల ఎండుపుల్లలు ఏరమనండి, మొదళ్ళలో ఎండాకు పరవమనండి, వారానికి రెండుసార్లు నీళ్ళు మాత్రం మీరే లోతుగా పెట్టండి. కోయబోయే ముందు జూన్ మొదటి వారంలో రెండు ఫోటోలు పెట్టండి, ఒకటి దూరం నుంచి, ఒకటి కింద కాండాల దగ్గర కూర్చుని తీసింది, ఏ కాండం తీయాలో గుర్తుపెట్టి చెప్తాను.